వాన లెక్క ఎవరి చేతిలో ఉంది?

శాలిబండ దగ్గర ఒక హోటల్లో మొదలైంది ఈ మాట. గొడవ కాదు, చాయ్ మీద ముచ్చట. నేనూ, ఏజెన్సీ నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న ఇద్దరు పిల్లలూ ఒక టేబుల్ దగ్గర. పక్క టేబుల్ దగ్గర ఒక పెద్దాయన. మా పిల్లల్లో ఒకడు "ఈ వానలన్నీ క్లైమేట్ చేంజ్ వల్లనే అన్నా" అన్నాడో లేదో, ఆయన సాసర్ కింద పెట్టి మా వైపు తిరిగాడు.

"క్యా క్లైమేట్ బేటా? తుగ్యానీ 1908 మే ఆయీ. ఉస్ జమానే మే కౌన్‌సీ మోటార్‌గాడియాఁ థీ? కౌన్‌సా కార్ఖానా థా?"

తుగ్యానీ అంటే వరద. పాతబస్తీలో ఆ మాట అంటే మాత్రం ఒక్కటే వరద, 1908 సెప్టెంబర్ 28న మూసీ తెచ్చినది. మా వాడు నా మొహం చూశాడు. నిజం చెప్తున్నా, ఆ నిమిషంలో నా దగ్గరా సరైన జవాబు లేదు. "చాచా, అది వేరు ఇది వేరు" అని ఏదో గొణిగాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నన్ను వదల్లేదు. అందుకే ఈ రాత.

మీలో చాలామంది ఆ పెద్దాయన లాంటి వాళ్లతో మాట్లాడే ఉంటారు. భద్రాచలం వైపు వెళ్తే ఇదే ప్రశ్న ఇంకో సంవత్సరంతో వస్తుంది. "86లో గోదారి ఇంకా పెద్దగా వచ్చింది కదా, అప్పుడేం క్లైమేట్?" అని. నిజమే, 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో వచ్చింది 71.3 అడుగులు. ఆ ముసలాయన అబద్ధం చెప్పడం లేదు. శాలిబండ చాచా కూడా అబద్ధం చెప్పలేదు. వాళ్లను మూఢులు అని పక్కన పెడితే మన వాదన గెలిచినట్టు కాదు, మనం వాళ్లను పోగొట్టుకున్నట్టు.

ముందు 1908 సంగతి చూద్దాం.

ఆ సెప్టెంబర్‌లో మూసీ ఎగువన, శంషాబాద్ దగ్గర, 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. 48 గంటల్లో దాదాపు 19 అంగుళాలు. చాదర్‌ఘాట్, అఫ్జల్‌గంజ్ వంతెనలు తట్టుకోలేదు. పురానాపూల్ నిలబడింది. పది పదిహేను వేల మంది పోయారని లెక్కలు చెప్తాయి. ఉస్మానియా దవాఖానా ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది, వెళ్లి చూడొచ్చు. నిజాం మహబూబ్ అలీఖాన్ స్వయంగా మూసీ ఒడ్డుకొచ్చి నదికి పూజ చేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. దేవుడి కోపం అన్నవాళ్లు ఉన్నారు, పాపం పండిందన్నవాళ్లు ఉన్నారు.

అప్పుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన వచ్చి శాపాల జోలికి పోలేదు. వాన లెక్క తీశాడు, చెరువుల లెక్క తీశాడు. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉన్నాయని, వాటిలో 221 తెగాయని తేల్చాడు. ఒక చెరువు తెగి కింద చెరువు మీద పడటం, అది తెగి ఇంకోదాని మీద పడటం. నగరం మునిగింది వాన వల్ల ఒక్కటే కాదు, ఆ గొలుసు వల్ల కూడా. ఆ లెక్క మీదనే పైన రెండు పెద్ద జలాశయాలు కట్టాలన్నాడు. అలా వచ్చినవే 1920 నాటి ఉస్మాన్‌సాగర్, మనం గండిపేట అనేది, 1927 నాటి హిమాయత్‌సాగర్.

అంటే చాచా ఉదాహరణలోనే ఆయనకు జవాబు ఉంది. 1908 మనకు చెప్పేది "వరదలు ఎప్పుడూ వస్తాయి, వదిలెయ్" అని కాదు. వరద వచ్చాక లెక్క తీసిన ప్రభుత్వం ఒకటి ఉండేదని, ఆ లెక్కను నమ్మి డబ్బు పెట్టిందని. రాచరికాన్ని పొగడటం నా పని కాదు. ఆ నిజాం రాజ్యమే జోడేఘాట్‌లో కొమురం భీమ్ మీద తుపాకీ పేల్చింది. అయినా మూసీ విషయంలో లెక్క వేసి కట్టింది, ఒప్పుకోవాలి.

ఇక అసలు ప్రశ్న. కార్లు లేని రోజుల్లోనే అంత వాన పడింది కదా, మరి ఇప్పటి వానకు కార్బన్ ఎట్లా కారణం?

మన ఊళ్లలో గవ్వలాట ఆడతాం కదా. మామూలు గవ్వలేసినా ఎప్పుడో ఒకసారి అన్నీ వెల్లకిలా పడతాయి. అట్లా పడ్డందుకు ఎవరూ మోసం అనరు. కానీ గవ్వలో ఎవడో సీసం పోశాడనుకోండి. అప్పుడూ పడేది అదే పందెం, కానీ మాటిమాటికీ పడుతుంది. ఒక్క పందెం చూపించి "ఇది సీసం వల్ల పడిందా, మామూలుగా పడిందా" అంటే చెప్పడం కష్టం. వంద పందేలు రాసిపెట్టుకున్నవాడు మాత్రం చెప్పగలడు. 1908 ఒక పందెం. 1986 ఇంకో పందెం. శాస్త్రవేత్తలు చూసేది మొత్తం లెక్కల పుస్తకం.

ఆ పుస్తకం ఏం చెప్తుంది? పుణెలో ఐఐటీఎం అని కేంద్ర ప్రభుత్వ వాతావరణ పరిశోధన సంస్థ ఉంది. అక్కడి రాక్సీ మాథ్యూ కోల్ బృందం 1950 నుంచి 2015 దాకా వాన లెక్కలు తీసింది. మధ్య భారతంలో ఒకేసారి విశాలమైన ప్రాంతం మీద కురిసే అతి భారీ వానలు మూడు రెట్లు అయ్యాయని 2017లో తేల్చింది. 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ సొంత నివేదిక వచ్చింది. 1901 నుంచి 2018 మధ్య దేశం సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగిందని అది రాసింది. అదే నివేదికలో ఇంకో మాట ఉంది, 1951 నుంచి 2015 మధ్య నైరుతి రుతుపవనాల మొత్తం వాన 6 శాతం తగ్గిందని.

ఈ రెండో మాట దగ్గర చాలామంది ఆగిపోతారు. "చూశారా, ఒకడు వాన పెరిగిందంటాడు, ఒకడు తగ్గిందంటాడు, వీళ్లకే తెలీదు" అని వాట్సాప్‌లో పంపుతారు. ఆ ఫార్వర్డ్ నాకూ వచ్చింది, మన గ్రూపుల్లోనే. కానీ రెండూ నిజమే, ఒకదానికొకటి ఎదురు కాదు. పోడు చేసుకునే ఏ అమ్మనైనా అడగండి, పుస్తకం అక్కర్లేదు. విత్తనం వేశాక ఇరవై రోజులు చినుకు ఉండదు. తర్వాత ఒక్క రాత్రిలో నెల వాన పడి మట్టితో సహా మొలక కొట్టుకుపోతుంది. మొత్తం కూడితే మామూలుకన్నా తక్కువే. ఇల్లు మాత్రం మునిగింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. పెద్ద సంచీ నిండటానికి ఎక్కువ రోజులు పడుతుంది, చిరిగితే ఎక్కువ పోస్తుంది.

కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందన్నది నిన్న మొన్న ఎవరో ఎన్జీవో కనిపెట్టింది కాదు. స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ దాని లెక్క 1896లోనే వేశాడు. మూసీ తుగ్యానీకి పన్నెండేళ్ల ముందు. కాబట్టి "అప్పుడు లేని మాట ఇప్పుడెట్లా వచ్చింది" అంటే, చాచా, అప్పుడే ఉంది. హైదరాబాద్‌కు చేరలేదంతే.

ఇప్పుడు నేను శాస్త్రం వైపు నిలబడి చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోవచ్చు. కానీ అసలు చిక్కు ఇక్కడి నుంచే.

2020 అక్టోబర్ 13 రాత్రి గుర్తుందా? బేగంపేటలో 24 గంటల్లో దాదాపు 192 మిల్లీమీటర్లు పడింది. పాతబస్తీలో బండ్లగూడ దగ్గర గుట్ట మీది గోడ కూలి ఇళ్ల మీద పడి తొమ్మిది మంది చనిపోయారు. పల్లె చెరువు నీళ్లు అలీనగర్ మీద పడి ఒకే ఇంటి మనుషులను ఈడ్చుకుపోయాయి. ఫలక్‌నుమా పక్కన అల్ జుబైల్ కాలనీ రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. మళ్లీ నాలుగు రోజులకే బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ మునిగింది. 1908 వరద గురించి విశ్వేశ్వరయ్య రాసిన గొలుసే ఇది, పైచెరువు కింద ఊరి మీద పడటం. నూట పన్నెండేళ్ల తర్వాత కూడా.

అప్పుడు అందరి నోటా ఒకే మాట. "వందేళ్లలో రాని వాన, ఎవరేం చేస్తారు?" ఈ మాటను పట్టుకుని లెక్క చూడండి. అక్టోబర్ నెలకు అది నిజంగానే రికార్డు. అంతకుముందు అక్టోబర్ రికార్డు 1903లో 117 మిల్లీమీటర్లు. కానీ ఏ నెలైనా సరే అంటే, అదే బేగంపేటలో 2000 ఆగస్టు 24న 241 మిల్లీమీటర్లు పడింది. ఇరవై ఏళ్ల కిందటే, ఇంకా ఎక్కువ. ఘట్‌కేసర్ వైపు 2020లో ఇంకా పెద్ద వాన పడిన మాట వాస్తవం. కానీ నగరానికి "ఇంత వాన ఎప్పుడూ చూడలేదు" అన్నది సగం నిజం మాత్రమే. 2000 వరద తర్వాత నాలాలు ఎంత వెడల్పు ఉండాలో నిపుణుల చేత రిపోర్టు రాయించుకున్నారు. రాయించి బీరువాలో పెట్టారు. ఆ ఇరవై ఏళ్లలో చెరువు శిఖం భూములు ప్లాట్లయ్యాయి, రిజిస్ట్రేషన్లయ్యాయి, కరెంటు మీటర్లు వచ్చాయి, ఇంటి పన్ను కట్టించుకున్నారు. వాన వచ్చాక మాత్రం "క్లైమేట్" అన్నారు.

ఇక్కడ గమనించండి. క్లైమేట్ చేంజ్ లేదనేవాడు ఒక రకంగా తప్పించుకుంటాడు. అంతా క్లైమేట్ చేంజే అనేవాడు ఇంకో రకంగా తప్పించుకుంటాడు. ఇద్దరికీ కావాల్సింది ఒక్కటే, ఆ నాలా ఎవరు పూడ్చారని ఎవరూ అడగకూడదు. నష్టపోయిన ఇంటికి పది వేలు ప్రకటించారు. ఆ పది వేల కోసం మీసేవ ముందు ఆడవాళ్లు తెల్లవారుజామునే లైన్ కట్టారు. జీహెచ్ఎంసీ ఎన్నికల కోడ్ వచ్చి ఆ పంపిణీ కూడా మధ్యలో ఆగింది.

ఎగువన ఏం జరిగిందో కూడా చూడండి. గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు కుదరవని 1996లో 111 జీవో ఇచ్చారు. 2022 ఏప్రిల్‌లో ఇంకో జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. జంట జలాశయాలు ఇప్పుడు తాగునీటికి అంత అవసరం లేదన్నది చెప్పిన కారణం. కానీ వాటిని కట్టింది ముందుగా తాగునీటికి కాదు, పాతబస్తీ మునగకుండా. 2025 సెప్టెంబర్ చివర్లో ఆ రెండింటి గేట్లు ఎత్తితే ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్లొచ్చాయి. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్ జనం మళ్లీ సామాన్లు నెత్తిన పెట్టుకున్నారు.

ఇప్పుడు భద్రాచలం వద్దాం. ఇది మనది.

2022 జూలైలో వారం రోజులు ఆగకుండా వానలు. కడెం ప్రాజెక్టు పంపగలిగేది 3 లక్షల క్యూసెక్కులైతే 5 లక్షలు వచ్చిపడ్డాయి, కట్ట ఎట్లా నిలిచిందో ఆ ఊళ్లవాళ్లకే తెలియదు. గోదావరి 71.3 అడుగులు. ఆ జూలై 17న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ భద్రాచలం వచ్చి, ఇది క్లౌడ్ బరస్ట్ అనీ, ఇతర దేశాల వాళ్లు కావాలని చేస్తున్న కుట్ర అనే అనుమానం ఉందనీ, ఇంతకుముందు లేహ్‌లో, ఉత్తరాఖండ్‌లో చేశారంటున్నారనీ అన్నారు. ఎంతవరకు నిజమో తెలియదని కూడా అన్నారు, అది దాచను. ప్రతిపక్షాలు ఎగతాళి చేశాయి, టీవీల్లో రెండు రోజులు జోకులు నడిచాయి, అయిపోయింది.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ మాట తప్పని చూపించడానికి పెద్ద చదువు అక్కర్లేదు, ఎవరూ చూపించలేదు. క్లౌడ్ బరస్ట్ అంటే మన వాతావరణ శాఖ లెక్కలో ఇరవై ముప్పై చదరపు కిలోమీటర్ల చోట ఒక గంటలో పది సెంటీమీటర్లు పడటం. రెండు మూడు ఊళ్ల వెడల్పు. భద్రాచలానికి వచ్చే నీళ్లు పడేది మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు దగ్గరగా ఉన్న నేల మీద. నాసిక్ వైపు నుంచి, విదర్భ నుంచి ప్రాణహిత, బస్తర్ నుంచి ఇంద్రావతి, అన్నీ కలిస్తే ఆ నీళ్లు. కొండ మీద ఒక మబ్బు పగిలితే వాగు పొంగుతుంది, గోదావరి 71 అడుగులు రాదు. పైగా మబ్బుల్లో మందు చల్లే పని మనకు కొత్తదా? 2000ల దశకంలో ఉమ్మడి రాష్ట్రం మేఘమథనం పేరుతో రాయలసీమలో విమానాలు తిప్పింది. మబ్బు లేకపోతే ఆ మందు ఏమీ చేయదని, ఉన్నా కొంచెమే పెంచగలదని అప్పుడే తెలిసింది. అనంతపురంలో కరువు తీర్చలేని సంగతి గోదావరిని ముంచుతుందా?

అదే వరదలో కాళేశ్వరం కన్నెపల్లి, అన్నారం పంపుహౌస్‌లు మునిగాయి. కుట్ర అయితే డిజైన్ గురించి అడిగేవాడుండడు. నా అనుమానం అది. రుజువు లేదు కాబట్టి అనుమానం అనే రాస్తున్నా.

ఇంకోటి. అదే వారంలో రెండు రాష్ట్రాల మంత్రులు పోలవరం మీద మాటలు రువ్వుకున్నారు. పోలవరం కాఫర్‌డ్యామ్ వల్ల నీళ్లు వెనక్కి తన్నాయని తెలంగాణ, కాదు అంతా వాన అని ఆంధ్ర. మునిగిన కూనవరం, వీఆర్‌పురం, చింతూరు, ఎటపాక కోయ, కొండరెడ్డి పల్లెల వాళ్లకు ఈ తేడా మాటల తేడా కాదు. 41.15 మీటర్ల కాంటూర్ లోపల ఉంటే మొదట పునరావాసం, బయట ఉంటే తర్వాత చూద్దాం. 2022లో కాంటూర్ బయట అన్న ఊళ్లు కూడా మునిగాయి. నీళ్లు ఎందుకొచ్చాయన్న దానికి ఒక జవాబు చెప్తే బియ్యం, కందిపప్పు ఇచ్చి పంపుతారు. ఇంకో జవాబు చెప్తే ఇల్లూ భూమీ ఇవ్వాలి. కుట్ర అని చెప్తే ఏదీ ఇవ్వక్కర్లేదు.

సాక్ష్యం గురించి మనం ఎందుకు పట్టించుకోవాలో ఇంతకన్నా తేటగా నాకు చెప్పడం రాదు.

అయినా మళ్లీ చాచా దగ్గరకే వస్తాను. ఆ రోజు చాయ్ అయ్యాక ఆయన ఇంకో మాట అన్నాడు. వాళ్ల బంధువుల ఇల్లు మూసీ ఒడ్డున ఉందట. 2024లో అధికారులు వచ్చి గోడ మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ ఎక్స్ అని రాసి వెళ్లారట. రివర్ బెడ్ అని దాని అర్థం. "క్లైమేట్ బోల్కే ఆయే, నది బచానా బోల్కే ఆయే. ఘర్ హమారా గయా. జో ఊపర్ ఫామ్‌హౌస్ బనాయే, ఉన్‌కా కుఛ్ నై గయా."

అదీ సంగతి. ఆయన అనుమానం థర్మామీటర్ మీద కాదు. దాన్ని పట్టుకొచ్చిన చెయ్యి మీద.

ఆ చెయ్యి మనకు తెలియదా? పోడు భూముల చుట్టూ కందకాలు తవ్వింది ఏ పేరుతో? అడవి పెంచాలి, వాతావరణం కాపాడాలి అని. ప్రాజెక్టు కింద అడవి పోతే దానికి బదులు మొక్కలు నాటేది ఎక్కడ? ఎవరి కందిచేలో? 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, అటవీ హక్కుల దరఖాస్తులు తిరస్కరించబడిన లక్షల కుటుంబాలను ఖాళీ చేయించమన్న ఆర్డర్ ఎవరి పిటిషన్ మీద వచ్చింది? వన్యప్రాణి సంరక్షణ సంఘాల పిటిషన్ మీద. దేశమంతా ఆదివాసులు రోడ్డెక్కితే రెండు వారాల్లో స్టే వచ్చింది. 2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలంలో ప్లాంటేషన్ గొడవ ఒక అటవీ అధికారి ప్రాణం తీసింది. అది ఘోరం, దాన్ని సమర్థించే మాట నా నోట రాదు. కానీ దాని తర్వాత ఊరు ఊరంతా గొత్తికోయలను వెళ్లగొట్టాలని పంచాయతీ తీర్మానం చేయడం కూడా మనం చూశాం. ఇట్లాంటివి చూసిన మనిషి "క్లైమేట్" అన్న మాట వినగానే చెయ్యి అడ్డం పెట్టుకుంటే తప్పు పట్టగలమా?

తప్పు పట్టలేం. కానీ ఆ అనుమానం తెలియకుండా ఎటు జారుతుందో కూడా చూడాలి. మన వాళ్లే ఒకరిద్దరు ఈ మధ్య "క్లైమేట్ చేంజ్ అంతా కార్పొరేట్ నాటకం, మనల్ని అడవి నుంచి వెళ్లగొట్టడానికి పుట్టించింది" అని రాస్తున్నారు. కామ్రేడ్స్, ఒక్క నిమిషం. ఆ వాదన డబ్బిచ్చి పెంచింది ఎవరో తెలుసా? ఎక్సాన్ అనే అమెరికా చమురు కంపెనీ. 1977లోనే సొంత శాస్త్రవేత్త లోపల పెద్దలకు చెప్పాడు, భూమి వేడెక్కుతుందని. లోపల లెక్కలు సరిగ్గానే వేసుకున్నారు. బయట మాత్రం ఏళ్ల తరబడి "ఇంకా తేలలేదు, అనుమానాలున్నాయి" అని చెప్పించారు. ఈ మంటలో మన పిల్లలు వేసిన పుల్ల ఎంత? సగటు అమెరికన్ ఏడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలితే సగటు భారతీయుడు వదిలేది 2 టన్నుల లెక్కన. కొండరెడ్డి గూడెంలో కట్టెల పొయ్యి మీద వండుకునే ఇంటి లెక్క ఆ రెండులో కూడా అడుగున ఎక్కడో ఉంటుంది. "ఇదంతా ఉత్తదే" అని మనమే అంటే, బాకీ ఉన్నవాడికి నోటు చించి చేతిలో పెట్టినట్టు.

శాస్త్రవేత్తలు తప్పు చేయరా అంటే, చేస్తారు. 2007 ఐపీసీసీ నివేదికలో హిమాలయ హిమానీనదాలు 2035 కల్లా పోవచ్చని రాశారు. దానికి సరైన ఆధారం లేదు. మన జియాలజికల్ సర్వేలో పనిచేసి రిటైరైన వి.కె. రైనా 2009లో వేరే లెక్కలు చూపించాడు. ఐపీసీసీ అధ్యక్షుడు పచౌరీ దాన్ని మంత్రాల సైన్స్ అని తీసిపారేశాడు. మూడు నెలలు తిరక్కముందే 2035 మాట తప్పని ఐపీసీసీ ఒప్పుకుని వెనక్కి తీసుకుంది. అంటే ఆ ఒక్క అంకె దగ్గర అనుమానించినవాడే గెలిచాడు. ఇది దాచి మాట్లాడేవాళ్లంటే నాకు చిరాకు. అయితే రైనా ఏం చేశాడో చూడండి. లెక్క పెట్టి ఎదురు లెక్క చూపించాడు. 2014 టీచర్స్ డే నాడు ప్రధాని పిల్లలతో మాట్లాడుతూ, వాతావరణం మారలేదు, మనమే మారాం, ముసలివాళ్లకు ఏటా చలి ఎక్కువైనట్టు అనిపించడం లాంటిదే ఇది అన్న అర్థంలో చెప్పారు. అందులో ఏ లెక్కా లేదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి "సందేహవాదం" అనడం రైనాకు అన్యాయం.

కాబట్టి నేను మిమ్మల్ని నమ్మమని అడగను. లెక్క అడగమంటాను. తెలంగాణలో మండలాల వారీగా ఆటోమేటిక్ వాన కొలిచే యంత్రాలు ఉన్నాయి. వర్షం పడిన రోజు ఆ అంకెలు వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి, చదువుకున్న పిల్లలు ఫోన్లో తీయగలరు. గ్రామసభ రిజిస్టర్‌లో ఒక పేజీ దానికి పెట్టండి. ఏ రోజు ఎంత పడింది, ఏ వాగు ఎక్కడిదాకా వచ్చింది, ఎవరి చేను పోయింది. నీళ్లు వచ్చిన ఇంటి గోడ మీద సుద్దతో గీత గీసి తేదీ రాసి ఫోటో తీసి పెట్టండి. రేపు కాంటూర్ బయట అన్నప్పుడు ఆ గీత మాట్లాడుతుంది. విప్ప పువ్వు ఏ వారం రాలింది, తునికాకు ఎప్పుడు కోతకొచ్చిందీ రాయండి. పెద్దవాళ్లకు నోటికి తెలిసినది కాగితం మీద లేకపోతే ఆఫీసులో దానికి విలువ లేదు. అది అన్యాయమే. కానీ ఆ అన్యాయం తీరేదాకా కాగితం ఆపకండి.

పాతబస్తీ మిత్రులకు కూడా ఇదే. మీ చెరువు ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో, అది ఏ సంవత్సరం మ్యాప్‌లో ఎక్కడ ఉండేదో సమాచార హక్కు చట్టం కింద అడగండి. మీ ఇంటి మీద ఎర్ర రంగు పూసేముందు పైన గండిపేట ఒడ్డున ఎవరి గోడల మీద పూశారో కూడా అడగండి.

ఇది రాసే ముందు మళ్లీ శాలిబండ వెళ్లాను. చాచా అదే టేబుల్ దగ్గర ఉన్నాడు. గవ్వల సంగతి చెప్పాను, అరీనియస్ సంగతి చెప్పాను, 788 చెరువుల సంగతి చెప్పాను. ఓపికగా విన్నాడు. చెరువుల దగ్గర మాత్రం ఆపి మళ్లీ చెప్పించుకున్నాడు. 221 తెగాయి అన్నప్పుడు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. గుర్రం చెరువు, పల్లె చెరువు, ఇంకా రెండు పేర్లు నేను విననివి.

"అచ్ఛా బేటా," అన్నాడు. "ఆ 788లో ఇప్పుడు ఎన్ని మిగిలినయ్?"